నూట పదమూడు దగ్గర ఆగిన మాస్టారు

"ఛీ, ఇది జవాబా, జవాబుకి పట్టిన జబ్బా?" లెక్కల మాస్టారు ఎదురుగా నిలబడ్డ పిల్ల పరీక్ష పేపర్ని చచ్చిన బొద్దింకలా రెండు వేళ్ళతో ఎత్తి బల్ల మీద పడేశారు. "12,34,567 ప్రధాన సంఖ్య కాదని రాస్తావా? అది ప్రధాన సంఖ్యే. దాన్ని భాగించే భాగ్యం దేనికీ లేదు. నేను వేసింది సున్నా, గీకితే రాలడానికి సున్నం కాదు!"

"ఒక్క మార్కుతో తప్పానండీ. మీరు ఎంతదాకా భాగించి చూశారు?"

"నూట పదమూడు దాకా. ఆ తర్వాత వరసగా పదమూడు సంఖ్యల్లో ఒక్క ప్రధాన సంఖ్యా తగల్లేదు. విసుగొచ్చి ఆపేశాను."

"పద్నాలుగోది నూట ఇరవై ఏడండీ. దాంతో చూడండి."

మూతి తిప్పుకుంటూనే మాస్టారు భాగించారు. సరిగ్గా 9,721 సార్లు పోయింది. ఇక శేషించింది ఆయన మొహంలో రోత ఒక్కటే, అదీ తన మీదే.

సున్నా కొట్టేసి మార్కు వేశారు. "పాసయ్యావు. వెళ్ళమ్మా."

పిల్ల కదల్లేదు. "ఆరేళ్ళ కిందట మా అక్కకీ ఇదే ప్రశ్న ఇచ్చారండీ. ఇదే జవాబు రాసి, ఒక్క మార్కుతో తప్పి, చదువు మానేసింది. నాకు ఈ లెక్క నేర్పింది తనే."

మాస్టారు లేచారు.

"మీ ఇంటికి దారి చూపించు. మీ అక్కకి చూపించడానికి నాకు మొహం లేదుగానీ, రాక తప్పదు."