బడి పక్క ఇల్లు

“సర్కారు బడి ఎంత దూరముంటది అన్నా?” అని వినోద అడగగానే బ్రోకర్ యాకయ్యకు నవ్వాగలేదు.

“సర్కారు బడా? గీ కాలనీల ఎవరు పంపుతరు మేడం! ఏసీ బస్సులు గేటు ముంగటికే వస్తయి. ముందుగాల జర గా పార్కు చూడుర్రి.”

రాజమౌళి అప్పటికే పార్కు చూసేశాడు, మనసు కూడా పారేసుకున్నాడు. హన్మకొండ అవతల కొత్తగా కట్టిన కాలనీ అది. వెడల్పాటి రోడ్లు, చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర వాచ్‌మన్, ఇంటి ముందు కారు పెట్టుకోవడానికి బోలెడంత జాగా. అద్దె ఫ్లాటులో బట్టలారేసుకోవడానికి కూడా పక్కవాళ్లతో పేచీ పడే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? వినోదకూ ఇల్లు నచ్చింది. వంటింటి కిటికీలోంచి వస్తున్న గాలికి అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. నచ్చింది గనకే ఆమెకు ఏడుపొస్తోంది.

“పాప ఏ క్లాసు మేడం?” అని అడిగాడు యాకయ్య.

వినోద మొగుడి వైపు చూసింది. రాజమౌళి తల తిప్పేసుకున్నాడు. ఇంటి సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని అతని పట్టుదల.

“ఒకటో తరగతి,” అంది వినోద.

“మరింక ఫికరెందుకు? పక్కపొంటే మంచి ఇంటర్నేషనల్ స్కూలుంది.”

“వాళ్లు లోపలికి రానియ్యరన్నా.”

యాకయ్య ఏదో అర్థమైనట్టు తలాడించి, జాలిగా చూశాడు. ఆ జాలి రాజమౌళికి ఒళ్లు మండించింది. కారెక్కగానే భార్య మీద విరుచుకుపడ్డాడు.

“నువ్వు మొన్న చూసిన మట్టెవాడ ఇల్లే అంటవని నాకెరుకే. ఏముంది గా గల్లీల? ఆటో ఎదురొస్తే మనమే ఎనుకకు పోవాలె. పక్కింట్ల పొద్దంత పవర్‌లూమ్ చప్పుడు. ఇంట్లకు ఎండ సొరదు, గాలి సొరదు.”

“బడుంది. ఇంటి గోడకు ఆనుకోనే బడి గోడ. గంట కొడితే మన అర్రల ఇనవడ్తది.”

“ఒక్క బడి కోసం మన బతుకంత గా సందుల ఎల్లదీయాల్నా? గీడ గేటుంది. వాచ్‌మన్ బయటకు పోనియ్యడు.”

“పోనియ్యకపోతే అయిపాయెనా? బడికి పోవాలని కొట్టుకునే పానం ఊకుంటదా?”

పోయిన వారం సంగతి ఇద్దరి కళ్లముందూ ఉంది. ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ బట్టల కోసం మారాం చేసి, తల దువ్వించుకుని, భుజాన సంచి తగిలించుకుని, వినోద వంటింట్లో ఉండగా తలుపు తీసుకుని వెళ్లిపోయింది. మూల మీది ప్రైవేటు బడి దగ్గర లోపలికి పోబోతే వాచ్‌మన్ చెయ్యి పట్టి లాగేశాడట. అక్కణ్నుంచి ఏ బస్సెక్కిందో ఎవరికీ తెలియదు. ఊరంతా గాలించాక, సంచిలో వినోద పెట్టిన ఫోన్ నంబరు చూసి ఎవరో పుణ్యాత్ములు ఫోన్ చేశారు. ధర్మసాగర్ చెరువు కట్ట మీద దొరికింది. నీళ్ల అంచున నిలబడి, “గంట గొట్టిన్రా? బడి ఎటు?” అని వచ్చేపోయే వాళ్లను అడుగుతోందట.

మర్నాడు భయంతో రాజమౌళి గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. “బడికి టైమైతాంది, తలుపు తీయుర్రి,” అని లోపల ఒకటే ఏడుపు. అది వినలేక గొళ్లెం వేసినవాడే గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

“డాక్టర్ ఏమన్నడు?” వినోద గొంతు తగ్గించి అడిగింది. “ఇది తగ్గేది కాదన్నడు. మనసుకు ఇష్టమైన కాడ ఉంచుమన్నడు. అన్నడా, లేదా?”

“అన్నడు.”

రాజమౌళి కారును మట్టెవాడ వైపు తిప్పాడు.

అక్కడి బడి హెడ్మిస్ట్రెస్ నిర్మల సంగతంతా విన్నది. వింటూనే కళ్లు తుడుచుకుంది.

“పిల్లలు నవ్వుతరేమో మేడం,” అన్నాడు రాజమౌళి. “నడుమ లేచి ఎటన్న పోతదేమో. జర కనిపెట్టుకోని ఉండాలె.”

“నవ్వరన్నా, నేను చెప్త. పొద్దుగాల కొద్దిసేపు ఒకటో తరగతిల నా కండ్ల ముంగటనే కూసోవెట్టుకుంట. గీ బడి మీకు ఏమన్న పరాయిదా?”

అలా మట్టెవాడ ఇల్లు కొన్నారు. చుట్టాలంతా వేళాకోళం చేశారు. పార్కు వదులుకుని పవర్‌లూమ్ చప్పుడు కొనుక్కున్నారని గృహప్రవేశం భోజనాల దగ్గరే నవ్వుకున్నారు. రాజమౌళి తల వంచుకుని వడ్డించాడు. వినోదకు ఆ కాలనీ ఇంటి కిటికీ గుర్తొచ్చి కలుక్కుమంది. గుండెల్లో గుబులు మాత్రం వేరే. బడిలో కుదురుకోకపోతే? ఇంత చేసీ మళ్లీ గొళ్లెమే దిక్కయితే?

మర్నాడు పొద్దున పవర్‌లూమ్ చప్పుడును దాటుకుని గంట వినిపించింది. వినోద చెప్పులేసుకునే లోపే అవతల సంచీ తగిలించుకోవడం, గుమ్మంలో నిలబడి తొందర పెట్టడం కూడా అయిపోయింది. వినోదే చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది. వెనకే రాజమౌళి.

గేటు దగ్గర ఆ చెయ్యి విదిలించుకుంది. ఎవరినీ దారి అడగకుండా తిన్నగా చివరి గదిలోకి వెళ్లిపోయింది. లోపల ఒకటో తరగతి పిల్లల గోల చెవులు చిల్లులు పడేలా ఉంది.

ఉన్నట్టుండి ఆ గోల ఆగిపోయింది.

వినోద ఒక్క పరుగున కిటికీ దగ్గరకు వెళ్లి లోపలికి చూసింది.

రాజమౌళి తల్లి, ఒకప్పటిలాగే, టీచరు కుర్చీలో కూర్చుని హాజరు పిలుస్తోంది.