దెబ్బ ఎక్కడ కొట్టాలి

"ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి కడిగేయాలి. ఈ సబ్జెక్టులో చేరిందే అందుకు," అంది ఆమె, హాస్టల్ గదిలో పెట్టె దించుతూనే.

రూమ్మేటు చదివేది స్టాటిస్టిక్స్. హాస్టల్లో అందరూ లెక్కలపిల్ల అంటారు. పుస్తకం మూసి, "ఎవర్ని?" అంది.

అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రం చెప్పే పెద్ద ప్రొఫెసర్ని. విదేశీ బూట్ల మీద దిగుమతి సుంకం ఎత్తేయమని ప్రభుత్వానికి సలహా ఇచ్చింది ఆయనే. ఎత్తేశారు. చవక బూట్లు వచ్చిపడ్డాయి. ఆమె తండ్రి తోలు కత్తిరించే బూట్ల ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పటికీ తండ్రి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ కాళ్ళ వంక చూస్తాడు. చూసి తల తిప్పేసుకుంటాడు.

లెక్కలపిల్ల లేచి గది తలుపు గడియ పెట్టింది.

"నేను సాయం చేస్తా," అంది.

చేసింది. సెలవులకి హాస్టలంతా ఖాళీ అయినా ఇద్దరూ గది కదల్లేదు. సుంకం ఎత్తేయడం వల్ల మేలే జరిగిందని ప్రొఫెసర్ రాసిన అధ్యయనాన్ని దూదేకినట్టు ఏకారు. లొసుగు పట్టింది లెక్కలపిల్లే.

"పని పోయినవాళ్ళంతా అంతకన్నా మంచి ఉద్యోగాల్లో కుదురుకున్నారట. ఈయన కలిసిందే కుదురుకున్నవాళ్ళని!"

"దొరికాడు!"

"తొందరపడకు. నువ్వు అరిస్తే ఆయన నవ్వేసి గెలిచేస్తాడు. మెల్లగా అడుగు. కళ్ళజోడు తుడుస్తున్నాడంటే జవాబు లేదని అర్థం. అప్పుడు మంచినీళ్ళు కూడా తాగనివ్వకు. మళ్ళీ అదే అడుగు."

"నీకెలా తెలుసే?"

"ఆయన ఉపన్యాసాలు చాలా విన్నాన్లే."

రెండో ఏడాది చివర్లో పెద్ద సదస్సు జరిగింది. హాలు కిక్కిరిసింది. ముందు వరుసలో వాణిజ్య శాఖ అధికారులు. ప్రొఫెసర్ ఆ అధ్యయనం గురించే మాట్లాడాడు. చప్పట్లు మోగాయి.

చివరి వరుసలోంచి ఆమె లేచింది. పక్కనే లెక్కలపిల్ల తల వంచుకుని కూర్చుంది.

"సార్, పని దొరకని కార్మికుల్ని ఎంతమందిని కలిశారు?"

ఆయన నవ్వాడు. ఏవేవో దేశాల సంగతులు చెప్పాడు.

"ఎంతమంది సార్?"

కళ్ళజోడు తీశాడు. తుడవసాగాడు.

"ఒక్కరినైనా కలిశారా సార్? మా నాన్న ఇంట్లోనే ఉన్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసర్ గ్లాసు అందుకోబోయాడు.

"ఒక్కరినైనా?"

"లేదు," అన్నాడు. మైకులో ఆ మాట హాలంతా వినబడింది. అధికారులు మొహమొహాలు చూసుకున్నారు. ఒకాయన లేచి బయటికి నడిచాడు. వెనకే ఇంకొకాయన.

ఆమెకి కడుపు నిండినట్టయింది. లెక్కలపిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

ప్రొఫెసర్ వేదిక దిగాడు. ఒక్కడే నడిచొచ్చి, సరిగ్గా వాళ్ళ వరుస దగ్గర ఆగాడు. ఏమన్నా సరే, మాటకి మాట అప్పజెప్పడానికి ఆమె సిద్ధంగా నిలబడింది.

ఆయన ఆమె వంక చూడనైనా చూడకుండా, "తీరిందా తల్లీ, మీ అమ్మ పోయినప్పటి నుంచి ఈ నాన్న మీద దాచుకున్న పగ?" అన్నాడు లెక్కలపిల్లతో.