తేటపడని నీళ్లు

"ఈ నీళ్లు తేటపడేదాకా నేను ఒక్క మేకు కూడా కొట్టను సార్," అన్నాడు అద్దాల గదులు కట్టే మేస్త్రీ.

పెరట్లో హాట్ టబ్ బుడబుడలాడుతోంది. నీళ్ల మీద బెత్తెడు మందాన తెల్లటి నురగ.

"మీరు కట్టేది గది. నీళ్ల గోల మీకెందుకండీ?" అన్నాడు ఇంటాయన.

"నురగ చూసి మీరు క్లోరిన్ మందు మీద మందు పోస్తారు. ఇప్పుడంటే ఆరుబయట కాబట్టి ఘాటు గాల్లో కలిసిపోతోంది. చుట్టూ అద్దాలు బిగించాక ఎక్కడికి పోతుంది? మీ అమ్మగారికి దగ్గొస్తుంది, నా ఫ్రేములకి తుప్పొస్తుంది. అప్పుడు తిట్లు తినేది నేను. మూడు వారాలుగా ఇదే మొత్తుకుంటున్నాను. సోమవారానికి తేటపడితే సరే. లేదంటే ఇంకో పని ఒప్పుకుంటాను, ఈ చలికాలానికి ఇక దొరకను."

ఆ గది ఇంటాయన సరదా కోసం కాదు. తల్లి మోకాళ్లకి రోజూ వేడినీళ్లు తగలాల్సిందేనని డాక్టర్ చెప్పాడు. పోయిన చలికాలం ఆవిడ టబ్బులోంచి లేచి, చలిగాలికి వణుకుతూ తడి బండ మీద జారిపడింది. నెల్లాళ్లు మంచం దిగలేదు.

ఇంతకీ ఆ నురగ ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. నీళ్లు రెండుసార్లు మార్చారు. ఫిల్టర్ విప్పి, మడత మడతా కడిగారు. మూడో రోజుకి మళ్లీ మామూలే.

"నీ తలనూనె వల్లే," అన్నాడు ఇంటాయన భార్యతో.

"నేను టబ్బులో దిగి నెలైంది. మీ ఒంటికి పూసుకునే క్రీముల సంగతి చూసుకోండి ముందు."

"నేను దిగి రెండు నెలలైంది."

ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు. పెద్దావిడ మాత్రం నోరు మెదపలేదు. ఆవిడకి నురగున్నా ఒకటే, లేకున్నా ఒకటే. సాయంత్రం ఐదైతే చాలు, పాత నైటీ వేసుకుని టబ్బులో దిగుతుంది. పొట్టి గోడకి అవతల, వాళ్ల టబ్బులో పక్కింటి పెద్దావిడ దిగుతుంది. రెండు తలకాయలు, మధ్యలో గోడ, అరగంట కబుర్లు. ఆ అరగంట కోసం ఈవిడ పొద్దుటి నుంచీ గడియారం చూస్తూ కూర్చుంటుంది.

"మీ కోడలు పుట్టింటి నుంచి వచ్చేసిందా వదినా?" ఆ సాయంత్రం ఈవిడ అడిగింది.

"ఇంకా లేదొదినా. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో."

ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు.

"అవునూ, మీ అద్దాల గది ఎప్పుడు మొదలెడతారొదినా?" అంది పక్కింటావిడ.

"ఏమో. మీది?" పక్కింటివాళ్లూ అదే మేస్త్రీకి చెప్పుకున్నారు.

"మాదీ రేపో మాపో."

"మంచిదేలే, చలికి."

"మంచిదే మరి."

ఆ తర్వాత ఎందుకో కబుర్లు సాగలేదు. ఎంత తేలిగ్గా అనేసింది మంచిదేనని, అనుకుంటూ ఈవిడ ఆ పూట త్వరగానే లేచిపోయింది.

శనివారం మేస్త్రీ మరోసారి కొలతలకి వచ్చాడు. ఇంటాయన నీళ్లు పరీక్షించే కాగితాల కోసం లోపలికెళ్లాడు. టేపు పట్టుకుని వెనక్కి జరిగిన మేస్త్రీ భుజానికి దండెం మీది నైటీ తగిలింది. అట్టముక్కలా బిరుసుగా ఉంది. నిమ్మకాయ వాసన గుప్పుమంది.

మేస్త్రీ టబ్బు దగ్గరికెళ్లి వేలితో కాస్త నురగ తీసి వాసన చూశాడు. అదే నిమ్మకాయ. మెట్ల మీద కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగాడు. ఆవిడ చటుక్కున ఆకాశంలో కాకుల్ని చూడటం మొదలెట్టింది.

"అమ్మా, ఈ నైటీ ఎవరుతుకుతారు?"

"నేనే నాయనా. నా బట్టలు నేనే ఉతుక్కుంటాను."

"జాడించరా?"

ఆవిడ మళ్లీ కాకుల వైపు చూసింది.

"సబ్బులో ముంచి, అలాగే ఆరేసి, దాంతోనే టబ్బులో దిగుతున్నారు. అంతేనా?"

"మెల్లగా నాయనా. మావాడు వింటాడు."

"ఏంటమ్మా ఇది? ఆయన మీ మోకాళ్ల కోసమేగా ఇంత తాపత్రయపడుతున్నారు."

"నాకు తెలీదా? వాడిలాంటి కొడుకు ఎంతమందికుంటాడు. కానీ వాళ్లిద్దరూ పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వస్తారు. రోజంతా నోరు కట్టుకుని కూర్చుంటాను. మనిషితో మాట్లాడేది సాయంత్రం గోడ మీంచి పక్కింటావిడతో ఆ అరగంటే. అద్దాలు బిగించేశాక నేనెవరితో మాట్లాడాలి చెప్పు?"

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

"పోనీలే. ఆవిడే అద్దాల గది మీద మోజు పడింది. తనే లోపలికెళ్లిపోయాక నేను ఈ చలిలో గోడతో మాట్లాడుకోనా? ఇవాళ్టి నుంచి శుభ్రంగా జాడిస్తాను. సోమవారం వచ్చి కట్టెయ్ నాయనా. మావాడికి మాత్రం ఈ సంగతి చెప్పకు."

మేస్త్రీ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పొట్టి గోడ వైపు ఒకసారి చూసి, నవ్వాపుకుంటూ ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"పక్కింట్లో కూడా మూడు వారాలుగా పని మొదలెట్టలేకపోతున్నానమ్మా."

"అదేంటి? ఎందుకని?"

"అక్కడా టబ్బు నిండా నురగే. కాకపోతే మల్లెపూల వాసన."