టింగుమనేలోగా

"మీ మావయ్యగారి బతుకు ఎంత బాగుందో కొలవడానికొచ్చానండీ," అంది సర్వే అమ్మాయి, గుమ్మం పక్కన చెప్పులు విడుస్తూ.

కుర్చీలో ఉన్న పెద్దాయన ఆ అమ్మాయిని కిందినుంచి పైదాకా చూసి మొహం తిప్పుకున్నాడు. మెడలో ఐడీ కార్డు తిరగబడి వేలాడుతోంది. చేతిలో ట్యాబ్‌కి ఓ మూల అద్దం పగిలింది. ఇలాంటి పిల్లకి తన బతుకు అప్పగించాలన్నమాట.

ఆయన పక్షవాతం వచ్చి లేచిన మనిషి. బుర్ర మునుపటిలాగే పాదరసం. మాటే, బుర్రలో పుట్టి నోటిదాకా రావడానికి నానా తంటాలూ పడుతుంది. స్పీచ్ థెరపీ ఆవిడ వారం వారం ఇంటికొస్తుంది. ఎదురుగా కూర్చుని, మాట వచ్చేదాకా కదలదు. ఆవిడ పుణ్యమా అని ఇప్పటికి రెండేసి మాటలు కలిపి అనగలుగుతున్నాడు. ఈ రోజు ఈ సర్వేలో మార్కులు తక్కువొస్తే ఆవిడ ఇకముందూ వస్తుంది. ఎక్కువొస్తే, మీకిక అవసరం లేదని మానిపించేస్తారు.

పెద్దాయనకి ఆవిడ కావాలి. నోరు మెదపలేక, అల్లుడి వాగుడు వింటూ మిగతా జన్మ వెళ్ళదీయడం కన్నా ఘోరం ఆయన ఊహకందడం లేదు.

"రండి, కూర్చోండి. ఎదురింటాయన దగ్గర్నుంచేనా రావడం?" అన్నాడు ఆ అల్లుడు.

"అవునండీ! నడవగలరా తాతగారూ అంటే, సైకిల్ తొక్కిన రోజుల్నుంచి ఎత్తుకున్నారు. ఈ ట్యాబ్ టింగుమంది కాబట్టి బతికిపోయాను. టింగుమనేలోగా జవాబు రాకపోతే, ఇంట్లోవాళ్ళనడిగి రాసేసుకోవడమే."

పెద్దాయనకి నవ్వొచ్చింది. ముసలివాళ్ళంటే ఆయనకి మొదట్నుంచీ గిట్టదు. ఒక్క ముక్క అడిగితే సొంత పురాణం విప్పుతారు. ఎదురింటివాడైతే మరీను. వాడికలా జరగాల్సిందే.

అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. "గడిచిన వారంలో మీ పనులు మీరు... చేసుకోవడంలో ఇబ్బంది ఏమైనా..."

పెద్దాయన మొహం చిట్లించాడు. వాక్యాన్ని అక్కడ విరవకూడదని ఈ పిల్లకి ఎవరూ నేర్పినట్టు లేదు.

ఉంది అనాలనుకున్నాడు. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నాననాలనుకున్నాడు. పెదవి కదిలింది.

టింగ్.

"ఏ ఇబ్బందీ లేదండీ," అందుకున్నాడు అల్లుడు. "మేమున్నాం కదా! గుండీల దగ్గర్నుంచీ నేనే పెడతాను."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"సైగలు రాసుకోవడానికి లేదు తాతగారూ. నోటితోనే చెప్పాలి," అని అమ్మాయి 'ఇబ్బంది లేదు' మీద నొక్కేసింది.

వెధవ, అనుకున్నాడు పెద్దాయన అల్లుణ్ణి చూస్తూ. కూతురు ఏరి కోరి తెచ్చుకున్న సరుకు. ఆఫీసులో తను నోరు విప్పితే పదిమంది రాసుకునేవారు. అక్కడ ఏం చేసేవారు మావయ్యగారూ అని వీడు ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. వీడికి చెప్పేదేమిటని ఆయనా చెప్పలేదు.

"మీ మనసులో మాట ఎదుటివాళ్ళకి చెప్పగలుగుతున్నారా?"

ఆయన కాచుకుని కూర్చున్నది దీని కోసమే. ఈ ఒక్కటీ తను చెప్పగలిగితే చాలు. పెద్దాయన కుర్చీ చేతులు బిగించి పట్టుకుని ముందుకు వంగాడు. మెడ నరాలు ఉబ్బాయి. "చె..."

టింగ్.

"బ్రహ్మాండంగా చెప్తారండీ," అన్నాడు అల్లుడు. "అసలాయన నోరు విప్పక్కర్లేదు. కళ్ళలోకి చూస్తే చాలు, నాకు తెలిసిపోతుంది."

ఆ క్షణంలో చూసి ఉంటే అల్లుడు ఆ గదిలో నిలబడేవాడు కాదు.

"చివరిదండీ. ఈ రోజు మీ ఆరోగ్యానికి నూటికి ఎన్ని మార్కులు వేసుకుంటారు?"

పెద్దాయన ఈసారి ప్రయత్నించలేదు. కళ్ళు మూసుకున్నాడు. ట్యాబ్ తన పని తాను చేసింది.

"ఎనభై వేసుకోండి," అన్నాడు అల్లుడు. "తొంభై అంటే దిష్టి తగుల్తుంది."

అమ్మాయి మొత్తం కూడి చూసుకుంది. "చాలా బాగుందండీ! ఇక థెరపీ ఆవిడ రానక్కర్లేదు."

"విన్నారా మావయ్యగారూ, పాసయ్యారు!" అన్నాడు అల్లుడు. ఆవిడ వచ్చినప్పుడల్లా టీవీ కట్టేయాల్సి వచ్చేది. ఆ పీడ వదిలింది.

పెద్దాయన కళ్ళు తెరిచాడు. పెదవులు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. ఇద్దరూ అప్పటికే గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయారు.

"తాతగారు పాపం ఏదో చెప్పాలని చూశారు," అంది అమ్మాయి చెప్పులు తొడుక్కుంటూ. "కాస్త ఆగితే వచ్చేదేమో. కానీ ఆ టింగు రూలుతో మాకు కుదరదండీ."

"ఎవడండీ ఆ దిక్కుమాలిన రూలు పెట్టినవాడు?" అన్నాడు అల్లుడు, పోయేదేముంది అన్నట్టు నవ్వుతూ.

"ఏమోనండీ, నేను పుట్టకముందుదట. ముసలివాళ్ళ సోది వింటే టైము దండగని, ఈ ప్రశ్నలు రాసినాయనే పెట్టారని చెప్తారు."

అప్పుడు, వెనకనున్న కుర్చీలోంచి, చెమటలు కక్కుకుంటూ రెండు మాటలు బయటపడ్డాయి: "నేనే... పెట్టాను."