గీత దాటిన ఎరుపు

మేడ్చల్‌లో ఆ ప్రైవేటు దవాఖాన ముందు, గౌరయ్య ఆటోకి అడ్డంగా ఒక ముసలాయన కూర్చున్నాడు.

"జరుగు తాతా! బిడ్డను ఇంటికి తీస్కపోవాలె."

"నై బాబూ. తీస్కపోకు."

వెనక సీట్లో గౌరయ్య కూతురు సహస్ర కుడిచెయ్యి గుండెలకు హత్తుకుని మూలుగుతోంది.

శామీర్‌పేట తోటలో గులాబీలు కోస్తుంటే ముల్లు గుచ్చుకుంది. గాయం ఆవగింజంత. నొప్పి మాత్రం చెయ్యంతా కాల్చేస్తోంది.

ఇంతకుముందే లోపల డాక్టరమ్మ ఏమీ దాచకుండా చెప్పింది.

"స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి కండలోకి దిగింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. కానీ చచ్చిన కండకు మందు చేరదు. వెంటనే కోసి తీసేయాలి. చెయ్యి దక్కుతుందని మాటివ్వలేను."

ఆ మాట అంటూనే ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీసింది. అది దాటి పాకితే ప్రాణానికే ముప్పంది.

కుడిచెయ్యి! గౌరయ్య ఒప్పుకోలేదు. ఊళ్లో ఇలాంటి ఎర్రవాపును సర్పి అంటారు. మంత్రం వేసి జాజు, అంటే ఎర్రమన్ను, పూస్తారు. డాక్టరమ్మ వద్దంటున్నా వినకుండా సెలైన్ పీకించి బయటపడ్డాడు.

బయటపడితే ఈ ముసలాయన.

"సర్పి గది. జాజు పూస్తే సల్లవడ్తది. నీకేం ఎరుక?"

ముసలాయన తల వంచుకున్నాడు. లేవలేదు.

పొద్దున్నుంచీ ఈయన మెట్ల మీదే ఉన్నాడు. నర్సులంతా పేరుపెట్టి పలకరిస్తున్నారు. గౌరయ్యకు సంగతి అర్థమైపోయింది.

"ఓహో, దవాఖానోళ్ల బ్రోకరువా! గడ్డం నెరిసినంక గిదేం బతుకు? సిగ్గులేదా?"

రెక్క పట్టి ఈడ్చాడు. ముసలాయన కంకర మీద పడ్డాడు. మోచెయ్యి గీరుకుని నెత్తురొచ్చింది. అయినా పాక్కుంటూ వచ్చి మళ్లీ చక్రం ముందే కూర్చున్నాడు.

"కొట్టు బాబూ, ఇంకా కొట్టు. ఒక్కపారి గా గీత సూడు. సూసి పో."

గౌరయ్య విసురుగా వెనక్కి తిరిగాడు.

గీత ఎరుపులో మునిగిపోయింది. వాపు మోచెయ్యి దాటేసింది.

అటు కత్తి, ఇటు చావు. గౌరయ్యకు ఎటూ దారి లేదు.

"నాయినా, చెయ్యి పోతే పోనియ్," అంది సహస్ర నీరసంగా. "నేనుంట గదనే."

బిడ్డను ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు.

సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చింది.

"చెయ్యి దక్కలేదు. పిల్ల దక్కింది. ఇంకాస్త ఆగుంటే అదీ లేదు."

గౌరయ్య భోరుమన్నాడు. ఏడుస్తూనే మెట్ల దగ్గరికి పోయాడు, ముసలాయన కాళ్లు పట్టుకుందామని. అక్కడెవరూ లేరు.

"గా బ్రోకరు తాత ఏడి?" మెట్లు తుడుస్తున్న ఆయమ్మ దుర్గాబాయిని అడిగాడు.

"బ్రోకరేంది? ఆయన చోటే మియా. పొద్దుగాల్నుంచి శవం కోసమే కూసున్నడు. ఇప్పుడే తీస్కపోయిండు."

"ఎవరి శవం?"

"కొడుకు తాహాది. రాత్రి మళ్ల తీస్కొచ్చేసరికే పానం పోయింది. మొన్న చెయ్యి కోస్తమంటే ఈ తాతనే ఒప్పుకోలే. జాజు పూయిస్తనని, గిట్లనే ఆటోల ఎక్కిచ్చుకొని పోయిండు."