ఓడిపోవడానికి వచ్చినవాళ్ళు

"ఆ మనిషి మళ్ళీ వచ్చాడే," అంది అక్క గొంతు తగ్గించి.

చెల్లెలు తలెత్తింది. మాసిన బూడిదరంగు కోటు, చంకలో గొడుగు. నిన్నటిలాగే స్టాలుకి అడ్డంగా నిలబడ్డాడు.

వీడియో గేముల ప్రదర్శనలో అది రెండో రోజు. ఆమెకి దొరికింది మరుగుదొడ్ల పక్క మూల. ఉద్యోగం మానేసి, అక్కగారింట్లో ఒక గది ఆక్రమించి, నాలుగేళ్ళు కష్టపడి చేసిన ఆట అక్కడ తెర మీద వెలుగుతోంది. ఇక్కడ కూడా నలుగురి కంటా పడకపోతే అదొకటి ఉందని ఇక ఎవరికీ తెలియదు.

ఆటలో తుపాకులు లేవు, కార్లు లేవు. ఆడేవాళ్ళే ఒక ముసలి లిఫ్టు. ఎక్కినవాళ్ళు ఏ అంతస్తో చెప్పరు. వాళ్ళ మాటల్ని బట్టి మనమే కనిపెట్టి దించాలి. తప్పు అంతస్తులో దించితే ఆ మనిషి మళ్ళీ కనబడడు.

"ఇది దేనిలాంటి ఆటండీ?" అని అడిగేవారు వచ్చినవాళ్ళు.

"దేనిలాంటిదీ కాదండీ. కొత్తది."

"ఓహో," అనేసి ఎదుటి వరసలో తెలిసిన ఆటల దగ్గరికి వెళ్ళిపోయేవారు. అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం.

పోగా మిగిలిన ఒకరిద్దరు ఇక్కడ కూర్చుంటే, ఈ కోటాయన తయారు.

ఆ రోజు కళ్ళజోడు పెట్టుకున్న ఒకతను పావుగంటపాటు బుద్ధిగా ఆడాడు. కోటాయన వెనకే నిలబడి చూసి చూసి, భుజం తట్టాడు.

"చాల్లే బాబూ. లే."

"లెమ్మనడానికి మీరెవరండీ?" అంది చెల్లెలు.

"అతను ఆడట్లేదమ్మాయీ. ఓడిపోవడానికి వచ్చాడు."

కళ్ళజోడతను చటుక్కున లేచి జనంలో కలిసిపోయాడు. ఆ తొందర చూసైనా ఆమెకి అనుమానం రావలసింది. ఒళ్ళు మండింది కానీ అనుమానం రాలేదు.

"వచ్చేదే ఒకరూ అరా! వాళ్ళనీ తరిమేస్తుంటే చూస్తూ కూర్చుంటావేంటే?" అంది అక్క.

చెల్లెలు వెళ్ళి గార్డుని వెంటబెట్టుకొచ్చింది.

గార్డు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, మెత్తగానే. ఆయన పెనుగులాడలేదు. వెళ్తూ వెళ్తూ ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ జాలి చూస్తే ఆమెకి మరింత కోపం వచ్చింది.

"పీడ విరగడైంది," అంది అక్క.

అరగంటలో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, తేనెలాంటి మాట.

"అద్భుతం తల్లీ! అసలీ ఊహ ఎలా వచ్చింది నీకు?"

కూర్చున్నవాడు సాయంత్రం దాకా లేవలేదు. ఆటలో రెండో అంతస్తుకి వెళ్ళాల్సిన ముసలమ్మని, ప్రతిసారీ ఆట మళ్ళీ మొదలుపెట్టి, మిగతా ఏడంతస్తుల్లోనూ దించి చూశాడు. ఓడిన ప్రతిసారీ చిరునవ్వు నవ్వి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఇన్నేళ్ళకి ఒక మనిషి మెచ్చుకుంటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పింది. అక్క ఆయనకి కాఫీ కూడా తెచ్చిచ్చింది.

మూడు నెలలు తిరక్కుండానే గోడలన్నిటి మీదా లిఫ్టు బొమ్మ వెలిసింది. పెద్ద కంపెనీ ఆట. అదే ముసలమ్మ, అవే మాటలు, రంగులు మాత్రం వేరు. జనం ఎగబడి కొన్నారు.

అప్పుడు గానీ చెల్లెలి ఆట ఎవరి కంటా పడలేదు.

"సిగ్గులేదా, పెద్దవాళ్ళది చూసి కొట్టేయడానికి?" అని ఇంటర్నెట్‌లో రాశారు. ఒకరిద్దరు కాదు, వందలమంది.

ముందు చూపించింది తనేనని రుజువు కావాలి. ప్రదర్శన హాలుకి పరుగెత్తింది. ఆఫీసు మూసి ఉంది. వరండాలో అదే గార్డు.

ఆమె చెప్పిందంతా విని అతను ఆశ్చర్యపోలేదు.

"ఆ పుస్తకం పట్టుకునే మనిషి ఆ కంపెనీవాడే, ఏటా వస్తాడమ్మా. ముందు తన వాళ్ళని పంపి చూస్తాడు. ఆడేవాళ్ళెవరైనా గెలవాలనే చూస్తారు. వీళ్ళు ఎన్ని రకాలుగా ఓడిపోవచ్చో చూస్తారు, ఆట లోపలి కిటుకులన్నీ అలా పట్టేసి కాపీ కొట్టడానికి. కోటాయన తరిమింది వాళ్ళనే. మిగతా ఎవర్నీ ఏమీ అనలేదు, గుర్తు తెచ్చుకోండి."

గుర్తొచ్చింది.

"మరి ఆ రోజే నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బయటికి పంపమన్నారు. పంపాను."

"ఆయనైనా విడమరిచి చెప్పొచ్చు కదా!"

"ఒకప్పుడు చెప్పేవారు. అసూయ అన్నారు కొందరు, పిచ్చి అన్నారు కొందరు. చెప్పడం మానేశారు."

"ఎక్కడుంటారు? కాళ్ళ మీద పడతాను."

"పోయిన నెల కాలం చేశారమ్మా."

ఆమె మెట్టు మీద కూలబడింది. గార్డు అడిగాడు.

"చీమల ఆట ఎప్పుడైనా ఆడారా మీరు?"

ఆడకపోవడమేమిటి! పదేళ్ళప్పుడు ఆ ఆట ఆడే, పెద్దయ్యాక తనూ ఆటలు చేస్తానని ఒట్టు పెట్టుకుంది. ఆ పెద్ద కంపెనీకి పేరు తెచ్చిందే చీమల ఆట.

"అది వాళ్ళది కాదు," అన్నాడు గార్డు. "వాళ్ళు దాన్ని అమ్మకానికి పెట్టడానికి ముందు ఏడాది, మీరు కూర్చున్న ఆ మూలనే, ఆ కోటాయన ఒక్కరూ కూర్చుని అడిగినవాళ్ళందరికీ చూపించిన ఆట."