నెటిల్ ఎవరి కుక్క

"దీని పాదాలు పుట్టుకతోనే మెత్తనే పిల్లా. పనికొచ్చేలా చేశావంటే నీదే," అంటూ రూబెన్ బాబాయి తొమ్మిది నెలల లర్చర్ వేటకుక్కను నాకిచ్చాడు. దాని పేరు నెటిల్.

ఇంగ్లండులోని మా నార్ఫోక్ పొలాల నిండా పదునైన చెకుముకి రాళ్ళే. వారమంతా నేను కాలేజీలో ఉంటే, నెటిల్ బాబాయి దగ్గర ఉండేది. శుక్రవారం నేను వచ్చేసరికి దాని వేళ్ళ మధ్య తోలు చీలి ఉండేది.

"వాకిట్లో నాలుగడుగులేసినా చీలుతోందే, ఏం ఖర్మో!" అనేవాడు బాబాయి.

ఉప్పునీళ్ళతో కడిగి కట్టు కట్టేదాన్ని. ఆదివారానికి మానేది. మళ్ళీ శుక్రవారానికి చీలేది. ఏడాదంతా ఇదే వరస.

నిన్న దాన్ని మొదటిసారి వేటకు తీసుకెళ్ళాను. బాబాయీ వచ్చాడు. లర్చర్ తను పట్టిన కుందేలును ప్రాణంతోనే తెచ్చి యజమాని చేతికే ఇస్తుంది. కుక్క ఎవరిదన్న తగువు మా వైపు అలాగే తీరుతుంది.

కంచె పక్కన కుందేలు లేచింది. అది రెండు మలుపులు తిరిగేలోపే నెటిల్ దాన్ని పట్టేసింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాను.

అది నన్ను దాటుకుని వెళ్ళి కుందేలును బాబాయి చేతిలో పెట్టింది.

"మొదటిసారికే ఇంత నేర్పా?" అన్నాను.

"మొదటిసారేంటే పిచ్చిమొహమా! సోమవారం నుంచి గురువారం దాకా నాతో వేటలోనేగా ఉండేది."

"మరి పాదాలు?"

"రాళ్ళ మీద పరిగెడితే తెగవూ? నువ్వు బాగుచేస్తూనే ఉన్నావుగా. పశువుల డాక్టరు కన్నా నీ చెయ్యే నయం."

ఇంతలో నెటిల్ నా దగ్గరికి వచ్చి ఎదురుగా కూర్చుంది. కట్టు కట్టమని ముందరి పాదం ఎత్తి పట్టుకుంది.